పదకొండు రూపాయల మంచిపేరు

పాలకుర్తి నుంచి మా ఊరికి వచ్చే బాటలో, ఇళ్లు మొదలయ్యే చోటనే ఎడమచేతి వైపు బుచ్చమ్మ గిర్ని ఉంటుంది. రేకుల కప్పు, మట్టి గోడలు, ముందు ఒక అరుగు, రెండు రెక్కల టేకు దర్వాజ. కొత్తవాళ్లు జొన్నల గంప నెత్తిన పెట్టుకొని వచ్చి ఆ దర్వాజ ముందు నిలబడిపోతారు. లోపల ఇంజిను టుక్కు టుక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది, రేకుల సందుల్లోంచి పిండి పొగలాగా వస్తూ ఉంటుంది, దర్వాజకు మాత్రం తాళం. తాళానికి తుప్పు. అటు పోయేవాళ్లు ఎవరో ఒకరు చూసి, "గటు కాదవ్వా, ఎనుకకు పో" అని చెప్తారు. వెనక సందులో గోడకు నిలువెత్తు బొక్క ఉంది. దానికి చౌకట్టు లేదు, తలుపు లేదు. ఒక గోనెపట్టా వేలాడుతుంది. పన్నెండేళ్లుగా ఊరంతా ఆ బొక్కలోంచే దూరి పిండి పట్టించుకొని వస్తోంది.

ఎందుకట్లా అని మా ఊళ్లో ఎవరిని అడిగినా సరిగ్గా చెప్పరు. అందరికీ అందులో తలా కొంచెం తప్పు ఉంది. మా అమ్మకు కూడా ఉంది. బుచ్చమ్మ ఒక్కతే చెప్తుంది, అదీ జల్లెడ పడుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు.

బుచ్చమ్మ పుట్టిల్లు మానుకోట దగ్గర. పదిహేనో ఏట యాకయ్యను చేసుకొని మా ఊరికి వచ్చింది. రెండెకరాల చెలక, ఒక బర్రె, ఒక మరిది. మరిది పేరు వెంకట్రాం. అతను జనగామలో సమితి ఆఫీసులో గుమాస్తా. అన్నదమ్ములిద్దరూ చెరి సగం పైసలు వేసుకొని, 1969లో కోయంబత్తూరు నుంచి డీజిల్ ఇంజిను తెప్పించారు. అది జనగామ స్టేషన్‌కు చేరిన వారమే తెలంగాణ లొల్లి ముదిరింది. రైళ్లు ఆగాయి, గూడ్సు షెడ్డుకు తాళాలు పడ్డాయి. ఇంజిను పెట్టె ముప్పై తొమ్మిది రోజులు ప్లాట్‌ఫారం చివర పడి ఉంది. స్టేషన్‌కు వచ్చిన పిల్లలకు ఎత్తుగా నిలబడి మాట్లాడడానికి ఏదో ఒకటి కావాలి. లోపల ఏముందో తెలియకుండానే రోజుకొకరు ఆ పెట్టె ఎక్కి ఉపన్యాసం ఇచ్చారు. యాకయ్య రోజూ సైకిల్ మీద వెళ్లి, ఆ ఉపన్యాసాలు కింద నిలబడి వింటూ, పెట్టె చెక్కలు విరగకుండా చూసుకొని వచ్చేవాడు. చివరకు రెండెడ్ల బండి మీద దాన్ని ఊరికి తెచ్చాడు. ఇంజిను మొరాయించినప్పుడు బుచ్చమ్మ ఇప్పటికీ అంటుంది, "అన్ని ముచ్చట్లు ఇన్నది గదా, దీనికి గూడ అలిగే గుణమొచ్చింది."

రెండేళ్లకు యాకయ్య కామెర్లతో పోయాడు. పదకొండో రోజు దాటగానే బుచ్చమ్మ గిర్ని తీసింది. ఇంజిను తిప్పడానికి పోశాలు అనే ముసలాయనను పెట్టుకుంది. రాళ్ల దగ్గర తనే కూర్చుంది. పొగగొట్టం మీద పోశాలు ఒక పాత నూనెడబ్బా బోర్లించాడు. ఆ డబ్బా ఎగిరి పడే చప్పుడు మూడు ఊళ్లకు వినిపించేది. ఆ చప్పుడు విని ఆడవాళ్లు గంపలెత్తుకొనేవాళ్లు. ముందు వచ్చిన గంప ముందు, వెనక వచ్చిన గంప వెనక. సర్పంచు ఇంటి గంప అయినా సరే, వరుస దాటితే బుచ్చమ్మ కాలితో వెనక్కి నెట్టేది. పొద్దు గూకాక రాళ్ల చుట్టూ పేరుకున్న పిండిని ఊడ్చి, ఆ రోజు అందరికంటే చిన్న గంప ఎవరిదో వాళ్ల ఇంటికి పంపేది. ఎవరికీ చెప్పేది కాదు. ఊరంతటికీ తెలుసు.

1974 మాఘంలో వెంకట్రాం వచ్చాడు. జనగామలో ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, కప్పు దగ్గర ఆగింది.

"వదినె, గిర్ని పంచుకుందాం," అన్నాడు.

"గిర్నినెట్ల పంచుతవు? రాయి నువ్వు తీస్కో, ఇంజిను నేను తీస్కుంటా?" అంది బుచ్చమ్మ.

మా దిక్కు పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దోడు పంచాలి, చిన్నోడు కోరుకోవాలి. పంచలేని వస్తువైతే పెద్దోడు దానికి ఇంత అని ధర చెప్పాలి. వస్తువు కావాలో సగం ధర కావాలో చిన్నోడు కోరుకుంటాడు. వస్తువు తీసుకున్నవాడు రెండోవాడికి సగం ధర ఇచ్చుకోవాలి. యాకయ్య లేడు కాబట్టి ఇంట్లో పెద్ద బుచ్చమ్మ. ధర ఆమె చెప్పాలి.

ఆమె వారం రోజులు ఆలోచించింది. మెడలో బంగారు గుండ్లు, రెండు బర్రెలు అమ్మితే రెండు వేలు వస్తాయి. గిర్ని ధర నాలుగు వేలు అంటే మరిదికి ఇవ్వాల్సింది రెండు వేలు. అతని ఇంటి కప్పుకు కూడా సరిగ్గా అంతే కావాలి. అంతకంటే ఎక్కువైతే ఆమె ఇచ్చుకోలేదు. బాగా తక్కువైతే మరిది పైసలు వద్దని గిర్నినే కోరుకుంటాడు. ఏ వైపు జారినా గిర్ని పోతుంది. గిర్ని పోతే ఆమెకు మిగిలేది వాన పడితేనే పండే చెలక. అందుకని పెద్దమనుషుల ముందు, "నాలుగు వేలు," అంది.

వెంకట్రాం నవ్వాడు. "రోజు అండ్ల కూసునేదానివి నువ్వు. నువ్వు నాలుగంటున్నవంటే ఎనిమిదుంటది."

"అయితే నువ్వే చెప్పు."

"నేను చెప్పద్దు, నువ్వు చెప్పద్దు. హన్మకొండల ఒక సారున్నడు. బ్యాంకులోళ్లకు మిల్లుల ఇలువ కట్టి కాయితం రాసిస్తడు. ఆయన్ను పిలుద్దాం. ఆయన ఎంతంటే అంత."

సర్పంచు హన్మంతు, మిగతా పెద్దమనుషులు తలలూపారు. సారుకు ఇచ్చే నూటయాభై రూపాయలు చెరి సగం. సారు ఉన్న మూడు రోజులూ వదినె గానీ మరిది గానీ గిర్ని ఛాయలకు పోకూడదు, ఊళ్లో ఎవరూ వాళ్లతో గిర్ని మాట ఎత్తకూడదు, సారు ఎందుకొస్తున్నాడో ఊరికి చెప్పకూడదు. ధర నాలుగు వేలకు అటూ ఇటూ ఉంటే చాలని బుచ్చమ్మ ఆ రోజు నుంచే కొండంత మొక్కులు మొక్కుకుంది.

పొరపాటు డప్పుతో మొదలైంది. సారు వచ్చే ముందు రోజు హన్మంతు ఊళ్లో చాటింపు వేయించాడు. "రేపు హన్మకొండ నుంచి సారొస్తుండు. గిర్ని కాడ కూసుంటడు. ఎవలేమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలె." హన్మంతు మంచి మనసుతోనే వేయించాడు. కానీ ముందటేడు సర్కారు ఇంటింటా వసూలు చేసే లెవీ వడ్ల కోసం జీపులో ఆఫీసర్లు వచ్చినప్పుడు కూడా ఆయన ఇదే చాటింపు, ఇవే మాటలతో వేయించాడు. ఆ రాత్రే ఆయన ఇంటి వడ్ల బస్తాలు గడ్డివాములోకి పోయాయని అందరికీ తెలుసు. అందుకని ఈసారి డప్పు వినగానే ఊళ్లో ప్రతి ఇంటి మగవాళ్లూ లేచి బస్తాలు సర్దారు.

పొద్దున్నే బస్సు దిగిన సారును చూశాక ఉన్న కొద్దిపాటి అనుమానం కూడా పోయింది. తెల్ల ప్యాంటు, తోలు సంచి, మెడకు తాడుతో కట్టుకున్న కళ్లద్దాలు. అంతకంటే ముఖ్యం, మాట. "ఏమండీ, మిల్లు ఇటేనా అండీ?" అని అడిగాడు. మా ఊరికి ఆ మాటతో వచ్చినవాళ్లందరూ అప్పటిదాకా ఆఫీసర్లే. అట్లా మాట్లాడి ఏదీ రాసుకోకుండా, ఏదీ తీసుకుపోకుండా వెళ్లినవాడు ఒక్కడు కూడా లేడు.

సారుకు సర్పంచు ఇంటి కుర్చీ తెచ్చి గిర్ని దర్వాజ పక్కన వేశారు. ఆయన సంచిలోంచి కాగితాలు, సిరా అద్దే పెట్టె తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. లోపల పోశాలు ఇంజిను తిప్పాడు. డబ్బా ఎగరసాగింది. మొదట వచ్చింది రుక్కి. ఆమెది బాట మీది మొదటి ఇల్లు, ఊళ్లో ఆమె నోటికి ఎదురు లేదు. గంపలో ఆరు శేర్ల జొన్నలు. కుర్చీని, కుర్చీలో మనిషిని చూసి అరుగు కిందనే ఆగింది.

"ఏమ్మా, ఈ మిల్లుకి మీరు వారానికి ఎన్నిసార్లు వస్తుంటారు?" అని సారు అడిగాడు.

"ఏ మిల్లుకు సారూ?"

"ఇదేనమ్మా, మీరు నిలబడ్డది."

"గిదా? నేను జర నీడకని నిలవడ్డ."

"మరి గంపలో ఏమిటి?"

రుక్కి గంప మీద కొంగు కప్పింది. "పెండ సారూ. పిడకలు చేసేది."

సారు జేబు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని రాసుకున్నాడు. "అయితే మీరు ఇక్కడ పిండి పట్టించరా?"

"గీ దర్వాజల కాలు పెట్టి ఏడాదైంది సారూ. ఇగ పెట్టను గూడ పెట్ట."

సారు ఆ మాటను నీటైన తెలుగులో రాసి చదివి వినిపించాడు. "నేను ఈ దర్వాజలో కాలు పెట్టి సంవత్సరమైనది. ఇకమీదట పెట్టబోను." సరేనని రుక్కి బొటనవేలు ముద్ర వేసింది. ఆయన పద్ధతి గల మనిషి. ఏ మాటనూ ముద్ర లేకుండా నమ్మడు.

రుక్కి ఆ గంపతోనే వాడంతా తిరిగింది. "లెవీ సారే. వడ్లు ఏడ పట్టిస్తున్నరని అడుగుతుండు. నేనిట్ల చెప్పిన, మీరు గూడ గిట్లనే చెప్పుండ్రి. మాట మారితే దొరుకుతం. బుచ్చక్క గూడ దొరుకుతది." దాచిన వడ్లు పట్టించిన గిర్నిని కూడా పట్టుకుపోతారని ఆ రోజుల్లో ఒక పుకారు. వాళ్ల భయంలో సగం బుచ్చమ్మ కోసమే. అందుకని నలభై ఇళ్లవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి, పిలవకుండానే సారు ముందు నిలబడి, "గీ దర్వాజల కాలు పెట్టి ఏడాదైంది, ఇగ పెట్టం" అని ఒప్పజెప్పి ముద్ర వేసి వెళ్లారు. ఒకాయన ఎనిమిది నెలల కిందటే మా ఊరికి ఇల్లరికం వచ్చాడు. అతను కూడా ఏడాదైందనే చెప్పాడు. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి ముద్రకు బదులు సంతకం పెట్టింది. రాసింది తప్పులు లేకుండా ఉందో లేదో చదివి మరీ పెట్టింది.

సారు ఇంకొక ప్రశ్న కూడా అందరినీ అడిగాడు. "ఈ బుచ్చమ్మ గారు ఎటువంటి మనిషి?"

దీనికి మాత్రం ఎవరూ అబద్ధం ఆడలేదు. "బంగారం సారూ." "వరుస తప్పదు సారూ." "అసొంటి మనిషి ఏడ దొరకది." సారు అన్నీ రాసుకున్నాడు. ఇంత మంచి మనిషి దగ్గరికి ఒక్కరు కూడా ఎందుకు పోరో ఆయనకు అంతుబట్టలేదు.

పోశాలును అడిగితే, "ఇంజినా? తుప్పు పట్టద్దని దీపావళికోపారి తిప్పుత సారూ," అన్నాడు. "మరి ఈ రోజు?" అని అడిగితే, "మీరొచ్చిండ్రని," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం సర్పంచు ఇంట్లో. హన్మంతుకు సారు ఎవరో తెలుసు. పిలిపించిన వాళ్లలో ఆయనా ఒకడు. నిజం చెప్పాలనే అనుకున్నాడు. కానీ సారు చేయి కడుక్కొని వచ్చి మంచం మీద కూర్చొని, పెన్ను తీసి, "మీరు ఊరికి పెద్దవారు. ఏటా ఎన్ని బస్తాల వడ్లు ఆడిస్తారు?" అని అడిగేసరికి, కాగితం మీద ఆగి ఎదురు చూస్తున్న ఆ పెన్ను కొనను చూసి ఆయన నాలుక ఎప్పటిలాగే తిరిగింది.

"ఏడియి సారూ. తిననీకెనే లేవు."

సారు కూర్చున్న మంచం నాలుగు కోళ్లూ నేలకు బెత్తెడు పైన ఉన్నాయి. కింద పద్నాలుగు బస్తాలు. వాటి మీదే మంచం నిలబడి ఉంది. దుప్పటి నేల దాకా వేలాడుతోంది. సారు కాళ్లు నేలకు అందక ఊగుతూ ఉండగా రాసుకున్నాడు.

బుచ్చమ్మ ఈ మూడు రోజులూ ఇంట్లో కూర్చొని చెవి అటు పెట్టుకొని ఉంది. మొదటి రోజు పొద్దున డబ్బా చప్పుడు గంట సేపు వినిపించి ఆగింది. తర్వాత ఇంటింటి నుంచీ ఏదో గరగరమని చప్పుడు. అటకల మీద మూలన పడ్డ ఇసుర్రాళ్లను అందరూ దించారు. ఊరు ఊరంతా తలుపులేసుకొని చేత్తో పిండి విసురుకుంటోంది. రెండో రోజు ఆమె మా అమ్మను పిలిచి, "ఏమైందే? ఊళ్లె ఎవలన్న సచ్చిండ్రా?" అని అడిగింది. పంచాయతీ కట్టడి ఉంది కాబట్టి మా అమ్మ తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది. సారుకు కూడా ఆ గరగర వినిపించింది. "ఈ గ్రామములో ప్రజలు నేటికీ చేతితో విసురుకొనుటకే అలవాటు పడియున్నారు" అని ఒక వాక్యం రాసుకొని మూడో రోజు మధ్యాహ్నం బస్సెక్కి పోయాడు.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు కాగితాలు, ప్రతి దాని కింద ఊదారంగు ముద్ర. వాటి వెనక తెలుగులో వేలిముద్రల కట్ట. గ్రామ పంచాయతీ ముందు జంపఖానా పరిచారు. వెంకట్రాం ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పసాగాడు. టైపు చేసిన కాగితమంటే అతనికి దేవుడి పటమంత గౌరవం. వేళ్ల కొసలతో పట్టుకున్నాడు.

"ఇంజిను, రాళ్లు, తోలు పట్టా, రేకులు, అన్నీ కలిపి పాత ఇనుము కింద ఆరు వందలు." గొంతు సవరించుకున్నాడు. "గిరాకీ, లేదు."

బుచ్చమ్మ తలెత్తింది. "గిరాకీ లేదా?"

"లేదని రాసిండు. నలభై మంది సాక్ష్యమట."

బుచ్చమ్మ జనం వైపు చూసింది. అప్పుడు గానీ ఊరికి తెలియలేదు, వచ్చిన సారు ఏ సారో. రుక్కి కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తోంది. పోశాలు బీడీ ఆరిపోయినా పీలుస్తున్నాడు. హన్మంతు ఆకాశంలో మబ్బు కోసం చూశాడు. అది మాఘం చివర. నోరు విప్పి నిజం చెప్దామంటే, కాలు పెట్టం అని వేసిన ముద్ర అక్కడే వెంకట్రాం చేతిలో ఉంది.

"ఇంకొకటి రాసిండు," అన్నాడు వెంకట్రాం. "యజమానురాలికి ఊరంత మంచిపేరున్నది గని దాని వల్ల ఆమ్దాని, రాబడి ఏం లేదు. అయినా ధర్మంగ దానికి పదకొండు రూపాలు కట్టిండు. మొత్తం ఆరు వందల పదకొండు."

ఇక చిన్నోడు కోరుకోవాలి. గిర్ని రోజూ తిరుగుతుందని వెంకట్రాంకు తెలుసు. కాగితం ఎందుకట్లా వచ్చిందో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. జేబులోంచి మూడు వందల ఐదు రూపాయల అర్ధ తీసి జంపఖానా మీద పెట్టి, "నాకు గిర్ని గావాలె," అన్నాడు.

పద్ధతి ప్రకారం ఎవరూ కాదనడానికి లేదు. బుచ్చమ్మ ఆ పైసలను కొంగున ముడి వేసుకొని, గిర్ని తాళం చెవి జంపఖానా మీద పెట్టి లేచింది. పోతూ పోతూ రుక్కి ముందు ఆగింది.

"గంపల పెండ ఎండిందా రుక్కీ?" అని అడిగింది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో రుక్కికి ఇప్పటికీ తెలియదు.

వెంకట్రాం గిర్నిని నడుపుకోవాలని తీసుకోలేదు. భూపాలపల్లి దిక్కు ఘనపూర్ నుంచి ఒక కొనేటాయనను మాట్లాడి పెట్టుకున్నాడు. గిరాకీ కళ్లతో చూస్తే ఎనిమిది వేలు ఇస్తానన్నాడు ఆయన. వచ్చాడు. సర్పంచు ఇంటి కుర్చీయే తెచ్చి, అదే దర్వాజ పక్కన వేశారు. ఆయన చేతిలో చిన్న పుస్తకం, చెవిలో పెన్సిల్.

ఊరు దూరం నుంచి చూసింది.

"ఇంకో సారొచ్చిండు," అన్నాడు ఒకాయన.

"గిది లెవీ కాదని తేలింది గద?"

"లెవీ కాకుంటే మరి ఎందుకొస్తడు? మనం చెప్పింది నిజమో కాదో చూడనీకొచ్చిండు. ఇప్పుడు గంపతోని పోతే దొంగసాక్ష్యమే."

మూడు రోజులు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. మూడు రోజులూ డబ్బా టుక్కు టుక్కుమని ఎగిరింది. దర్వాజలోంచి లోపలికి పోయింది ఒక కుక్క, అదీ పోశాలుది. నాలుగో రోజు ఆయన వెంకట్రాంతో, "అన్నా, బస్సు కిరాయన్న ఇయ్యి," అన్నాడు.

వెంకట్రాం ఆఫీసుకు సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాడు. కేసు లేదు, ఏం లేదు, రండి అన్నాడు. వారం రోజులు ఉత్తగనే పట్టిస్తానన్నాడు. రుక్కి గుమ్మంలో నిలబడి బొటనవేలు ఎత్తి చూపించింది.

"గీ ఏలు ఏసినంక ఇగ నీ దర్వాజల కాలు పెడితే, రేపు పోలీసులు నా ఏలే పట్టుకుంటరు బిడ్డా. నీదేం పోతది, నీ సంతకం ఎక్కడా లేదాయె."

"కాయితాలు చింపేస్త నేను."

"సర్కారు ముద్రున్న కాయితం చింపుతవా? గదొక్కటే తక్కువ."

చింపుతానన్నాడు గానీ అతని చేయి రాలేదు. ఊదారంగు ముద్ర ఉన్న కాగితం చింపడం అతను ఇరవై ఏళ్ల నౌకరీలో నేర్చుకోలేదు. ఆ ముద్ర సర్కారుది కాదు, హన్మకొండలో సారు సొంతంగా చేయించుకున్నది. కానీ అది ముద్ర.

అట్లా రెండు నెలలు గడిచాయి. సారు రాసినప్పుడు ఆ రిపోర్టులో బుచ్చమ్మ మంచిపేరు తప్ప ఒక్క ముక్క నిజం లేదు. రెండు నెలలకు అందులో ప్రతి ముక్కా నిజమైంది. గిరాకీ లేదు, ఊరు చేత్తో విసురుకుంటోంది, ఇంజిను పాత ఇనుము ధరకు తప్ప పోదు. వెంకట్రాం ఇంటి గోడలు కప్పు లేకుండానే ఎండుతున్నాయి. ఊళ్లో ఆడవాళ్ల అరచేతులు కాయలు కాచాయి.

ఒక సాయంత్రం రుక్కి బుచ్చమ్మ అరుగు మీద కూలబడింది. "బుచ్చక్కా, నా రెట్టలు పడిపోతున్నయి."

"వేలిముద్ర ఏసిన చెయ్యితోనే ఇసురు, అలవాటయితది."

"నీ కోసమే గద ఏసిన."

రెండు నెలలుగా బుచ్చమ్మ గిర్ని వైపు పోలేదు. ఆ బాట మీద పోవాల్సి వస్తే పొలాల మీదుగా చుట్టు తిరిగి పోయేది. అప్పుడు లేచి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ముందు కూర్చొని, "నువ్వు సదివే సంతకం పెట్టినవు గద. అండ్ల ఏం రాసి ఉన్నదో గది గట్లనే చెప్పు. ఒక్క ముక్క పోవద్దు," అంది.

మా అమ్మకు గుర్తుంది. సిగ్గుపడే మాటలు మనిషికి బాగా గుర్తుంటాయి. "నేను ఈ దర్వాజలో కాలు పెట్టి సంవత్సరమైనది. ఇకమీదట పెట్టబోను."

"ఇంకోపారి."

మా అమ్మ మళ్లీ చెప్పింది.

"గిర్నిల అని లేదు?"

"లేదు. ఈ దర్వాజలో అనే ఉన్నది."

"అందరియి గట్లనే ఉన్నయా?"

"రుక్కి చెప్పిందే అందరు చెప్పిండ్రు గదనే."

బుచ్చమ్మ లేచి వెళ్లిపోయింది. తెల్లారి పెద్దమనుషులను కూర్చోబెట్టింది. గిర్నిని తను తిరిగి తీసుకుంటానంది. వెంకట్రాంకు ప్రాణం లేచి వచ్చింది. రెండు వేలియ్యమన్నాడు.

"కాయితం మీద ఎంతున్నది?" అంది బుచ్చమ్మ.

"గది అప్పటి ముచ్చట వదినె."

"అప్పటికంటె ఇప్పుడు గిరాకీ పెరిగిందా?"

హన్మంతు కాగితం తెప్పించి ఊదారంగు ముద్రను అందరికీ చూపించి, దీని మీద ఉన్నదే ధర అన్నాడు. ఆ రెండు నెలల్లో ఆయన చేసిన మంచి పని అదొక్కటే. బుచ్చమ్మ కొంగు ముడి విప్పింది. వెంకట్రాం ఇచ్చిన నోట్లే, మడత కూడా విప్పలేదు. అర్ధ రూపాయి బిళ్లతో సహా జంపఖానా మీద పెట్టింది. మరిది వాటిని జేబులో పెట్టుకుంటుంటే, "బస్సు కిరాయి ఉన్నదా?" అని అడిగింది. ఎగతాళికి కాదు. నిజంగానే అతని జేబులో ఆ పైకం తప్ప చిల్లర లేదు. ఆ పూట ఆమె ఇంట్లోనే తిని వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే బుచ్చమ్మ గిర్ని ముందు దర్వాజకు తాళం వేసింది. గడ్డపార పట్టుకొని వెనక సందులోకి పోయి గోడ తవ్వడం మొదలుపెట్టింది. ఆమెకు పిచ్చి లేచిందని పోశాలు భయపడ్డాడు. మట్టి గోడ, మధ్యాహ్నానికి మనిషి పట్టేంత బొక్క పడింది. అప్పుడు పోశాలును పిలిచి, "ఇంజిను తిప్పు," అంది.

డబ్బా ఎగిరింది. ఊరు గంపలతో వెనక సందులోకి వచ్చింది. వచ్చింది గానీ ఎవరూ లోపలికి పోలేదు. బొక్క ముందు నలభై గంపలు వరుసగా నిలబడ్డాయి. రుక్కి మెడ సాచి లోపలికి చూసింది.

"బుచ్చక్కా, ఏమనుకోకు. గిది దర్వాజనా?"

"చౌకట్టున్నదా?"

"లేదు."

"తలుపున్నదా?"

"లేదు."

"మరి దర్వాజెట్లయితది? గిది బొక్క. రా."

రుక్కి బొటనవేలి వైపు ఒకసారి చూసుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని లోపలికి కాలు పెట్టింది. కాసేపు ఆగి చూసింది. ఏమీ కాలేదు. "జొన్నలే," అని గంప దించింది. ఆ రోజు పొద్దు గూకాక కూడా రాళ్లు ఆగలేదు. అందరికంటే చిన్న గంప మా అమ్మదట. పిండి మా ఇంటికి వచ్చింది.

ఇప్పుడు ఊరికి కరెంటు వచ్చింది, గిర్నిలో ఇంజిను మాత్రం అదే, లెవీ వడ్ల మాట ఎవరికీ గుర్తు లేదు. వెంకట్రాం ఇంటికి కప్పు పడింది. ముద్రలు వేసిన నలభై మందిలో పదకొండు మంది లేరు. వానాకాలం ఆ బొక్కలోంచి జల్లు కొట్టి పిండి తడుస్తుంది, కుక్కలు దూరుతాయి. మొన్న నేను సెలవులకు వచ్చినప్పుడు జొన్నలు పట్టించుకొని వద్దామని పోయి, ఒక చౌకట్టు పెట్టించవచ్చు కదా అని అన్నాను. బుచ్చమ్మ జల్లెడ ఆపి, గంపల వరుస చివరలో గోడకు ఆనుకొని కూర్చున్న రుక్కి వైపు చూసింది. రుక్కి చేతిని కొంగులో దాచుకుంది.

"గా రుక్కి పోయినంక పెట్టిస్త," అంది బుచ్చమ్మ.

"నేనిప్పుడే పోను," అంది రుక్కి.

"అందుకే గోనెపట్టా కొత్తది తెచ్చిన," అని బుచ్చమ్మ నా గంపను వెనక్కి, దాని వరుసలోకి, కాలితో నెట్టింది.